సున్నం పడ్డ కన్నుకు ఎన్ని దేశాలు కలిసినయో

మన దిక్కు ముసలోళ్లు ఉన్న ఇంట్ల సున్నం లేకుండ ఉంటదా? తమలపాకుకు సున్నం, తంబాకుల సున్నం, ఊర్లల్ల నీరా కుండలకు సున్నం. ఇదివరకు డబ్బిల ఉండేది, ఇప్పుడు కిరాణంల చిన్న చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్ల దొరుకుతున్నది, తాతకు తెచ్చిన ప్యాకెట్‌ను పోరగాడు చేతుల పట్టుకొని పిసుకుతడు, అది టప్పున పగిలి పోయి కంట్ల పడ్తది. సున్నం అంటే క్షారం. కంటికి ఆసిడ్ కంటే క్షారమే ఎక్కువ డేంజర్, ఎందుకంటే ఆసిడ్ పడ్డ కాడ పై పొర గడ్డకట్టి కొంతవరకు అక్కడనే ఆగుతది, క్షారం మాత్రం కణాలను కరిగించుకుంట లోపలికి పోతనే ఉంటది, పైగా సున్నం ముద్ద రెప్ప కింద అతుక్కొని గంటల తరబడి కాలుస్తనే ఉంటది. ఇట్ల అయినప్పుడు చేయాల్సింది ఒక్కటే, మంచినీళ్లతోని అర్ధగంట దాకా ఆపకుండ కడుక్కుంట ఉండుడు, తర్వాత కంటి దవాఖానకు ఉరుకుడు. తల్లిపాలు పిండుడు, ఆముదం పోసుడు, నెయ్యి రాసుడు అసలే వద్దు.

ఇదంతా ఎందుకు చెప్తున్న అంటే, నేను హనుమకొండల డిగ్రీ పోరగాండ్లకు జువాలజీ చెప్తుంట, స్టెమ్ సెల్స్, అంటే కొత్త కణాలను పుట్టించే మూలకణాల పాఠం వచ్చినప్పుడల్ల క్లాసుల ఒకటే లొల్లి. సార్ మోకాలి నొప్పికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అంట కదా, సార్ షుగర్ పోతదట కదా, మా అమ్మమ్మకు వేయిద్దామంటున్నరు అని. ఫోన్ తెరిస్తే యాడ్స్, రోడ్డెక్కితే బోర్డులు. అసలు స్టెమ్ సెల్ వైద్యం అనేది నిజంగ ఎక్కడ పనిచేసింది, ఎవరికి పనిచేసింది, అది ఎట్ల మన దాకా వచ్చింది అనేది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే కంటితోని మొదలుపెట్టిన, ఎందుకంటే ఈ కథల మన హైదరాబాద్ పాత్ర మస్తు పెద్దది, మనోళ్లకే చానామందికి తెల్వదు.

కంట్ల నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే కాడ సన్నటి అంచు ఉంటది, లింబస్ అంటరు. నల్లగుడ్డు మీద అద్దం లెక్క ఉండే పొర కార్నియా. దాని పైపొర కణాలు రోజూ రాలిపోతుంటయి, కొత్తవి వస్తుంటయి, ఆ కొత్తవి పుట్టేది ఈ అంచుల ఉన్న స్టెమ్ సెల్స్ నుంచే. మన భాషల చెప్పాలంటే అంచు నారుమడి, మధ్యల కార్నియా పొలం. సున్నం పడి నారుమడే కాలిపోయిందనుకో, పొలంల నాటు వేయడానికి నారు ఉండదు, ఇగ పక్కన తెల్లగుడ్డు మీది పొర గడ్డి లెక్క పాక్కుంట వచ్చి నల్లగుడ్డును కప్పేస్తది, రక్తనాళాలు కూడ ఎంబడే వస్తయి, చూపు పోతది. ఇసొంటి కంటికి మామూలు కార్నియా మార్పిడి చేసినా నిలవదు, పైపొరను రోజూ నింపే కణాలే లేకపాయె మరి. నేత్రదానం చేసిన కన్ను దొరికింది కదా, ఇంకేం, అనుకునే వాళ్లు ఇది అర్థం చేసుకోవాలె.

ఇప్పుడు ఈ అంచు కణాలను తీసి పెంచొచ్చు అనే దాని వెనుక కథ చూడండి. 1975ల అమెరికాల హోవార్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ అనే ఇద్దరు మనిషి చర్మ కణాలను గాజు పాత్రల పెంచే పద్ధతి కనిపెట్టిన్రు, కింద ఎలుక కణాల పరుపు పరిచి దాని మీద. గ్రీన్ ల్యాబుల పనిచేసిన ఇటలీ ఆయన మికేలే దె లూకా ఆ విద్యను పట్టుకొని ఇంటికి పోయి, గ్రాజియెల్లా పెల్లెగ్రిని అనే ఆమెతోని కలిసి చర్మానికి చేసింది కంటికి ఎందుకు చేయొద్దు అనుకున్నడు. 1997ల ఇద్దరు పేషెంట్లకు, బాగున్న కంటి అంచు నుంచి పిసరంత ముక్క తీసి ల్యాబుల పెంచి కాలిన కంటికి పెట్టినమని రీసెర్చ్ పేపర్ రాసిన్రు. అది చదివి తైవాన్ వాళ్లు, జపాన్ల క్యోటో వాళ్లు అదే కణాలను మాయ నుంచి తీసిన పల్చటి ఉమ్మనీటి పొర మీద పెంచిన్రు. ఒకరు చేసింది ఇంకొకరు చదివి, మార్చి, మల్ల రాసుడు. ఇంకొకరు చదివి చేసేటట్టు మంచిగ రాసిపెట్టిన్రు అంతే.

హైదరాబాద్ల ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 1987ల మొదలైంది, గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాల పనిచేసి వచ్చి పెట్టిన్రు. అక్కడ 2001 నుంచి వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి టీం ఈ పని మొదలువెట్టింది. వీళ్లు చేసిన గొప్ప పని ఏందంటే ఎలుక కణాలు, ఆవు రక్తపు సీరం ఇసొంటివి లేకుండనే పెంచుడు నేర్చుకున్నరు. పదేండ్లల్ల 200 మంది పేషెంట్ల లెక్క చెప్పిన్రు 2011ల, నూటికి 71 మందికి పైపొర నిలిచిందని. నిలవని ఆ నూటికి 29 మంది సంగతి కూడ అదే పేపర్ల ఉన్నది, అది నాకు ఇంకా నచ్చిన విషయం.

కని ఇక్కడ ఒక చిక్కు. ల్యాబుల పెంచాలంటే శుభ్రమైన గదులు, యంత్రాలు, మనుషులు, మస్తు పైసలు. ఇటలీ వాళ్ల పద్ధతి 2015ల హోలోక్లార్ పేరుతోని యూరప్ల అనుమతి తెచ్చుకున్నది, అక్కడ అనుమతి దొరికిన మొదటి స్టెమ్ సెల్ మందు అదే. గొప్ప సంగతే, కాదనలేం. కని దాన్ని పెంచే జాగా మోడెనా ఒక్కటే, పేషెంట్ ముక్క అక్కడికి పోవాలె, పెరిగి తిరిగి రావాలె, ఇది భైంసా నుంచి వచ్చిన కూలిమనిషికి అందే పనేనా?

2012ల హైదరాబాద్ వాళ్లు ల్యాబునే తీసి పక్కన పెట్టిన్రు. ఆపరేషన్ పేరు స్లెట్. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తరు, దాన్ని ఎనిమిది పది చిన్న ముక్కలు చేస్తరు, కాలిన కన్ను మీద పాకిన పొరను గీకేసి ఉమ్మనీటి పొర పరిచి, దాని మీద ఈ ముక్కలను గుండ్రంగ, నడిమిట్ల చూపు పోయే జాగ వదిలిపెట్టి, ఫైబ్రిన్ జిగురుతోని అతికిస్తరు, పైన కాంటాక్ట్ లెన్స్ పెడ్తరు. అంతే. నారు వేరే ఊర్ల పెంచి తెచ్చుడు లేదు, పొలంలనే నాటు వేసుడు. ల్యాబు చేసే పని కన్నే చేసుకుంటది. ఒక్కటే రోజు, ఒక్కటే ఆపరేషన్.

మొదలు ఆరుగురి ఫలితాలు చెప్పిన్రు. 2016ల 125 మంది లెక్క వచ్చింది, 76 శాతం నిలిచినయి, అంటే ల్యాబుల పెంచి పెట్టినదానికి తక్కువేం కాదు. అదే ఏడు ఇండియా, అమెరికా, మెక్సికో డాక్టర్లు కలిసి ఎనిమిది సెంటర్లల్ల చేసిన 68 కండ్ల లెక్క చెప్తే 80 శాతం పైననే వచ్చింది. ఈ మూడు దేశాల లెక్కే నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తది. ఎందుకంటే ఒక్క ఆస్పత్రిల చేయి తిరిగిన సర్జన్ చేస్తే మంచిగైంది అంటే అది ఆయన చేతి మహిమ కావొచ్చు, వేరే దేశంల వేరే డాక్టర్ అదే పేపర్ చదువుకొని చేసినా మంచిగైతే అప్పుడు అది వైద్యం. అటు ఇంగ్లండ్ల షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు ఎల్వీ ప్రసాద్ వాళ్లతోని కలిసి ఉమ్మనీటి పొరకు బదులు కంట్లనే కరిగిపోయే సన్నటి పాలిమర్ పొర తయారుజేసే పని కూడ చేసిన్రు, మాయ దానం, దాని టెస్టులు, నిల్వ చేసుడు ఈ తిప్పలన్నీ లేకుండ ఉండేందుకు. ఎల్వీ ప్రసాద్ వాళ్లు ఊరి జనాల కోసం హైదరాబాద్ బయట పెట్టిన మొదటి సెంటర్ మన దిక్కే, ముధోల్ల, 1996ల. బాసర పోయే తొవ్వల చానా మంది చూసే ఉంటరు.

రెండు కండ్లూ కాలిపోతే మాత్రం కష్టం. సొంత ముక్క ఉండదు కాబట్టి అన్ననో తమ్మున్నో అడగాలె, లేకపోతే చనిపోయినోళ్ల కన్ను నుంచి తీయాలె, శరీరం తిప్పికొట్టకుండ మందులు వాడుకుంట ఉండాలె. దానికి జపాన్ తొవ్వ చూపిస్తున్నది. క్యోటోల షిన్యా యమనాకా 2006ల ఎలుక చర్మ కణాలకు నాలుగు జన్యువులు ఎక్కించి వాటిని మల్ల పిండం దశ కణాల లెక్క మార్చిండు, మరుసటి ఏడు మనిషి కణాలతోని అదే చేసిండు, 2012ల నోబెల్ వచ్చింది. ఆ రకం కణాల నుంచి ఒసాకాల కోజి నిషిదా టీం కార్నియా పొర తయారుజేసి నలుగురికి పెట్టి 2024ల ఫలితం చెప్పింది. నలుగురే. కని ఎంత జాగ్రత్తగ పోతున్నరో చూడండి.

జాగ్రత్త అన్న కదా, దీని మీద ఒక సంగతి చెప్పాలె. 2017 మార్చిల ఒక పేరున్న అమెరికా వైద్య పత్రికల ఒకే సంచికల పక్క పక్క పేజీలల్ల రెండు పేపర్లు వచ్చినయి. రెండూ కంటి లోపల వెనుక ఉండే పొర రెటీనా ముసలితనంల చెడిపోయే జబ్బు గురించే, రెండూ స్టెమ్ సెల్ అనే పేరుతోనే. మొదటిది జపాన్ల కోబె వాళ్లది. మసాయో తకహాషి టీం 2014ల డెబ్బై దాటిన ఒకామె కంట్ల ఆమె సొంత చర్మం నుంచి తయారుచేసిన కణాల పొర పెట్టిన్రు, ఒక్క కన్నుకే. రెండో పేషెంట్‌కు కణాలు తయారైనయి కూడ, కని వాటి జన్యువులల్ల మార్పులు కనబడ్డయని పెట్టకుండ ఆపేసిన్రు. ఆపినమని కూడ రాసిన్రు. రెండో పేపర్ ఫ్లోరిడాలది. అక్కడ ఒక క్లినిక్కుల ముగ్గురు ఆడవాళ్లకు పొట్ట కొవ్వు తీసి దాంట్ల స్టెమ్ సెల్స్ ఉన్నయని చెప్పి రెండు కండ్లల్ల ఒకే రోజు ఇంజెక్షన్ చేసిన్రు, ఒక్కొక్కరి దగ్గర 5000 డాలర్లు తీసుకొని. కొద్దిరోజులకే చూపు పోయింది, గుడ్డితనం దాకా. ఆ పేపర్ రాసింది ఆ క్లినిక్కు వాళ్లు కాదు, పాడైన కండ్లను తర్వాత చూసిన వేరే డాక్టర్లు. ఇంకో విచిత్రం, ఆ ఆడవాళ్లల్ల కొందరు, మనుషుల మీద చేసే వైద్య పరీక్షల (ట్రయల్స్) అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ల ఆ చికిత్స పేరు చూసే నమ్మి పోయిన్రు.

కాబట్టి నా లెక్క సింపుల్. చేసేదాన్ని వేరే దేశంల వేరే డాక్టర్ చేసి చూసేటట్టు బయటపెట్టిన్రా లేదా? నిలవనివి ఎన్నో చెప్పిన్రా లేదా? మన దగ్గర కూడ రూల్ ఉన్నది, వైద్య పరిశోధనను చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం రక్తం జబ్బులకు చేసే ఎముక మజ్జ (రక్త కణాలు పుట్టే జాగ) మార్పిడి వంటిది తప్ప మిగతా స్టెమ్ సెల్ పని ట్రయల్ కిందనే చేయాలె, ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర పైసలు తీసుకోవద్దు. స్లెట్ల కణాలు పెంచుడు లేదు, సొంత కణజాలం అదే ఆపరేషన్ల మార్చుడు, దాన్ని దీన్ని కలపొద్దు. ఆటిజం పిల్లల తల్లిదండ్రులకైతే ఇంకా గట్టిగ చెప్తున్న, స్టెమ్ సెల్ దానికి పనిచేస్తదనడానికి ఆధారం లేదు, దాన్ని వాడొద్దని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లనే చెప్పింది. మా బంధువుల్ల ఒకాయన మోకాలి నొప్పికి ఒక క్లినిక్కుకు పోతే ఏం ఎక్కిస్తరు, ఎక్కడ తయారైతది, ట్రయల్ నంబర్ ఏంది అని అడిగితే, అవన్నీ మీకెందుకు సార్, ఈ నెల ఆఫర్ ఉన్నది అన్నరట. స్టెమ్ సెల్‌కు ఆఫర్ ఏందిరా అయ్యా!

ఇగ అసలైన, అరవై ఏండ్ల సంది పనిచేస్తున్న స్టెమ్ సెల్ వైద్యం అంటే మజ్జ మార్పిడి. దాన్ని నిలబెట్టినందుకు డోనాల్ థామస్‌కు 1990ల నోబెల్ వచ్చింది. మన దిక్కు దీని అవసరం ఎవరికంటే ముఖ్యంగ తలసీమియా, అంటే ఒంట్ల రక్తం సరిగ్గ తయారుకాని పుట్టుక జబ్బు ఉన్న పిల్లలకు. వరంగల్, ఖమ్మం, కరీంనగర్ నుంచి రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకొనేందుకు బస్సుల పొద్దుగాలనే బయలుదేరే తల్లులు పిల్లలు ఉంటరు. హైదరాబాద్ల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998ల పెట్టిన తలసీమియా సికిల్ సెల్ సొసైటీ లేకపోతే వీళ్ల గతి ఏందో.

తలసీమియాకు మజ్జ మార్పిడి 1981ల అటు అమెరికా సియాటెల్ల, ఇటు ఇటలీ పెసారోల దాదాపు ఒకేసారి చేసిన్రు. పెసారో డాక్టర్ గీదో లూకారెల్లి దాన్ని ఒక పద్ధతి కింద మార్చి, ఏ పిల్లకు ముప్పు ఎంత అని లివర్ సైజు, లివర్ దెబ్బతిన్న తీరు, ఐరన్ తగ్గించే మందు ఎంత మంచిగ వాడిన్రు అనే మూడింటిని చూసి లెక్కగట్టుడు నేర్పిండు. ఆ ఇటలీ విద్యనే తర్వాత ఫ్లోరెన్స్‌కు చెందిన క్యూర్ టు చిల్డ్రన్ అనే సంస్థ బెంగళూరుల సంకల్ప్ ఇండియా వాళ్లకు నేర్పింది, డాక్టర్లు రోజూ ఆన్‌లైన్ల పేషెంట్ల సంగతులు చూసుకుంట. మన పోరగాడి బుగ్గ లోపల రుద్దిన దూది పుల్ల జర్మనీల డ్రెస్డెన్ ల్యాబుకు పోతది, తోబుట్టువుతోని కణాల గుర్తులు మ్యాచ్ అయినయా లేదా అక్కడ చూసి చెప్తరు. కోల్ ఇండియా వాళ్లు 2017 నుంచి ఒక్కో తలసీమియా పిల్లకు మార్పిడికి 10 లక్షల దాకా ఇస్తున్నరు, సింగరేణి వేరు కోల్ ఇండియా వేరు అని గొడవ పెట్టుకోకుండ అప్లై చేసుకోవాలె, పేదోళ్లకు అది పెద్ద ఆసరా.

వెల్లూరు సీఎంసీ వాళ్ల సంగతి కూడ ఇక్కడనే. అమెరికా అట్లాంటాల ఎమొరీ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన జన్యువును, హీమోఫీలియా (రక్తం సరిగ్గ గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురి సొంత రక్త స్టెమ్ సెల్స్‌ల ఎక్కించి తిరిగి వాళ్లకే పెట్టిన్రు. తర్వాత చూసినన్ని రోజులు ఐదుగురిల ఎవరికీ రక్తస్రావం కాలే. 2024 డిసెంబర్ల ఆ ఫలితం వచ్చింది. అలోక్ శ్రీవాస్తవ గారి టీం.

బొడ్డుతాడు రక్తం బ్యాంకుల గురించి అడుగుతరు కడుపుతోని ఉన్నోళ్లు, కాబట్టి చిన్నగ చెప్త. మొదటి బొడ్డుతాడు రక్తం మార్పిడి 1988ల పారిస్ల, ఎలియాన్ గ్లుక్‌మన్ చేసిన్రు. పిల్లగాడు అమెరికా వాడు, వాని చెల్లె పుట్టినప్పుడు తీసిన రక్తాన్ని ఇండియానాల హాల్ బ్రాక్స్‌మయర్ ల్యాబు గడ్డకట్టించి దాచింది, దాన్ని విమానంల పారిస్ తీసుకపోయిన్రు. గమనించండి, వానిది వానికి కాదు, చెల్లెది. తలసీమియా ఉన్న బిడ్డ బొడ్డుతాడు రక్తంల కూడ అదే జబ్బు జన్యువు ఉంటది కదా, అది వానికే ఎట్ల పనికొస్తది? మన పిల్లకే దాచుకుందామని వేలకు వేలు కట్టమని ఐసీఎంఆర్ కూడ చెప్పలే, వద్దనే చెప్పింది.

తోబుట్టువు మ్యాచ్ అయ్యే అవకాశం నూటికి 25. మరి మిగతా వాళ్లకు? ఈడనే ప్రపంచ రిజిస్ట్రీలు, అంటే స్టెమ్ సెల్స్ ఇస్తమని పేరిచ్చిన దాతల లిస్టులు పనికొస్తయి. 1974ల లండన్ల ఒక చిన్న పిల్లగాని తల్లి మొదలుపెట్టిన లిస్టు నుంచి ఇప్పుడు దేశదేశాల రిజిస్ట్రీలు కలిపితే 4 కోట్ల పైన పేర్లు ఉన్నయి. దాత కణాలను ఒక మనిషి చల్లటి పెట్టెల పెట్టుకొని, ఎక్స్‌రే తగలకుండ, విమానంల చేతుల పట్టుకొని తీసుకపోతడు. కరోనాల విమానాలు ఆగితే కణాలను ముందే గడ్డకట్టించి పంపిన్రు, ఆగలే. ఇంత ఏర్పాటు ఉన్నది కని మన తెలుగు పిల్లలకు అందుల మ్యాచ్ దొరుకుడు కష్టం, ఎందుకంటే ఈ మ్యాచింగ్ వంశాల పొంటి వస్తది, జర్మనీ వాళ్లు కోటి మంది పేరిచ్చినా జమ్మికుంట పిల్లకు సరిపోవుడు అరుదు. ఇటలీ విద్య ఇచ్చింది, జర్మనీ ల్యాబు ఇచ్చింది, మన పిల్లకు కావాల్సిన మజ్జ మాత్రం మన కులాల, మన ఊర్ల మనుషుల్లనే ఉన్నది, అది ఏ దేశమూ పంపలేదు. సగం మ్యాచ్ అయిన అమ్మ నాన్నలతోని చేసే పద్ధతి కూడ వచ్చింది, కని పేర్లు ఎక్కువుంటే ఆ తొవ్వ, ఈ తొవ్వ రెండూ ఉంటయి కదా.

ఇసొంటి లిస్టులు నడిపే సంస్థలల్ల చెన్నైల దాత్రి 2009 నుంచి ఉన్నది, బెంగళూరుల డీకేఎంఎస్ వాళ్లు ఉన్నరు. బుగ్గ లోపల దూది పుల్ల రుద్దితే పేరు ఎక్కుతది. పద్దెనిమిది నిండినోళ్లు ఇయ్యొచ్చు. ఎప్పుడో మ్యాచ్ అయితే నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, చేతి నరం నుంచి రక్తం తీసి మిషన్ల నుంచి పోనిచ్చి స్టెమ్ సెల్స్ పట్టుకొని మిగతాది తిరిగి ఎక్కిస్తరు, చానామందికి ఇట్లనే, వెన్నుపూసకు సూది గుచ్చుడు అనేది అసలే లేదు. ఒళ్లునొప్పులు ఉంటయి, పోతయి.

మా కాలేజీల పోరగాండ్లు మస్తు హుషారుగ పేర్లు ఇస్తమంటరు. నేను ఆపుత, ముందు ఇంట్ల చెప్పి రాపో అంట. ఎందుకంటే మార్పిడికి ముందు పేషెంట్‌కు గట్టి కీమో ఇచ్చి వాని మజ్జ మొత్తం ఖాళీ చేస్తరు, ఆ తర్వాత దాత రానన్నడంటే ఆ పిల్ల ఇగ బతుకుడు కష్టమే. దాత పెండ్లి కాని ఆడపిల్ల అయితే అత్తగారింటోళ్లు ఏమంటరో అని తల్లులు చివరి నిమిషంల అడ్డం పడుడు మన దగ్గర లేనిది కాదు. అట్లాంటి ఇల్లయితే పేరు ఇయ్యకుంటనే నయం, లేదంటే బాపును, అవ్వను ఎదురుగ కూసోబెట్టి ముందుగాల్నే మాట్లాడుకొని రావాలె, ఫోన్ వచ్చినంక కాదు.